ప్రసంగ వేదికపై భయమెందుకు?

సంపాదకులకు నమస్కారములు.

యుక్రెయిన్, గాజాల వార్తలు, తుపానులు, పెరిగిన ధరలు, దూరదేశాలలో ఉన్న పిల్లల ఉద్యోగాల గురించిన దిగులు ఇళ్లలో మాటలన్నింటినీ ఆక్రమించిన ఈ కాలంలో, ఊరట కోసం క్రైస్తవ ప్రార్థన కూడికలకు వెళ్లినవారు మరింత బెదిరి తిరిగిరావడం చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. ప్రతి యుద్ధాన్నీ, ప్రతి భూకంపాన్నీ అంత్యదినాల, అంటే లోకాంతపు, సూచనగా లెక్కగట్టి వినేవారిని వణికించడమే కొందరు బోధకులకు ప్రసంగమైపోయింది. వారు తరచుగా తెరిచే లూకా సువార్త 21వ అధ్యాయంలోనే, యుద్ధాల గురించీ కరవుల గురించీ చెప్పిన ప్రభువే, ఇవి జరుగ నారంభించినప్పుడు ‘మీరు ధైర్యము తెచ్చుకొని మీ తలలెత్తికొనుడి’ అని కూడా చెప్పాడు. ఆ 28వ వచనం దాకా చదవకుండా గ్రంథం మూసివేయడం విశ్వాసులకు చేసే అన్యాయమని నా అభిప్రాయం.

బాధను చూడనట్టు నటించమని నేను అనడం లేదు. ‘ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి’ అని ఫిలిప్పీ పట్టణపు సంఘానికి రాసిన అపొస్తలుడు పౌలు అప్పుడు సంకెళ్లలో ఉన్నాడు. చేనిలో పంట లేకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా యెహోవాయందు ఆనందిస్తానన్న హబక్కూకు ప్రవక్త, తన కాళ్లు వణుకుతున్నాయని ఆ ముందు వచనంలోనే ఒప్పుకున్నాడు.

ఒంగోలువాసిగా నాకు దగ్గరైన సంగతి ఒకటి చెప్పాలి. 1876-78 నాటి మహా కరవులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో తరలివచ్చిన వేలమందికి పని చూపించాడు. తెలుగు బోధకులే మేస్త్రీలై, తవ్వి అలసి కూర్చున్న కూలీల పక్కన కూర్చుని, ప్రయాసపడి భారం మోసేవారిని తన వద్దకు రమ్మన్న ప్రభువు మాటను వినిపించేవారు. తిండికోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ పనులు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపివేశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతిని మా సంఘాలు ఘనంగా చెప్పుకుంటాయి గానీ, నా మట్టుకు ఆ అంకెకంటే కాలువ గట్టుమీద గడిచిన ఆ నెలలే విలువైనవి. రేపటికి బతికి ఉంటామో లేదో తెలియని పేదలకు అక్కడ కూలి, ఆశ ఒకే చోట దొరికాయి.

క్రిస్మస్ కూడికలు మొదలవుతున్నాయి కనుక సంఘ కాపరులకు (పాస్టర్లకు) నా విన్నపం ఒకటే. కష్టకాలాన్ని గురించి ప్రసంగించిన రోజున, అప్పుల్లో ఉన్న కౌలురైతు ఇంటికో, మంచాన పడిన వృద్ధుల ఇంటికో సంఘం నుంచి ఇద్దరిని పంపండి. మా వీధి ప్రార్థన కూడికలో ఏడాదిగా ప్రతి బుధవారం ఒక్కొక్కరం ఆ వారం పొందిన మేలు ఒకటి చెప్పి, ఆ తరువాతే కష్టాలు పంచుకుంటున్నాం. భర్తను పోగొట్టుకున్న ఒక సోదరి మొదటి మూడు నెలలూ తన వంతు రాగానే తల వంచుకుని ఊరుకునేది. ఎవరూ ఆమెను బలవంతపెట్టలేదు. మొన్న బుధవారం కీర్తన ఎత్తుకున్నది ఆమే.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఒంగోలు.