బరువు తగ్గాక ఏం తినాలో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో బరువు తగ్గినవాళ్ల గురించి వచ్చే కథనాలు నేను వదలకుండా చదువుతాను. పాత ఫొటో పక్కన కొత్త ఫొటో, పొద్దున ఏం తిన్నారు, రాత్రి ఏం మానేశారు, ఎన్ని నెలల్లో ఎన్ని కిలోలు తగ్గారు, అన్నీ వివరంగా వేస్తారు. వాటిని చూసి నడక మొదలుపెట్టినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. ఆ మేలు చిన్నది కాదు. కానీ నేను చదివినవాటిలో ఒక్కటి కూడా ఆ తర్వాతి సంగతి చెప్పలేదు. అనుకున్న బరువుకు వచ్చేశాక ఆ మనిషి మర్నాడు పొద్దున ఏం తినాలి? ఇడ్లీలు రెండుతోనే ఆపాలా, మూడో ఇడ్లీ తినొచ్చా? బతికినన్నాళ్లూ ఆ డైటులోనే ఉండాలా? తగ్గే దారి చెప్పేవాళ్లు వీధికొకరు ఉన్నారు. తగ్గాక మామూలు తిండిలోకి ఎలా రావాలో చెప్పేవాళ్లే కరువయ్యారు. ఈ ఉత్తరం దాని గురించే.

నేను తణుకులో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. వయసు 47. రెండేళ్ల కిందట పరీక్షలు చేయిస్తే హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల్లో రక్తంలో షుగర్ సగటున ఎంతుందో చెప్పే అంకె, 6.2 వచ్చింది. షుగర్ ఇంకా రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చింది, బరువు తగ్గాల్సిందే అన్నారు డాక్టరుగారు. డైటీషియన్ 1,200 కేలరీల చార్టు రాసిచ్చారు. దాని ప్రకారం తిన్నాను, సాయంత్రాలు కాలువ గట్టు మీద నడిచాను. ఏడాది తిరిగేసరికి 79 కిలోల నుంచి 61కి వచ్చాను. హెచ్‌బీఏ1సీ 5.5కి దిగింది. రెండో అంతస్తులో ఉన్న మా ల్యాబుకు మధ్యలో ఆగకుండా ఎక్కుతున్నాను. చార్టు మంచిదే, నాకు మేలు చేసింది. అయితే చివరిసారి వెళ్లినప్పుడు నాకు దొరికిన సలహా ఒక్క ముక్క: "చాలా బాగా తగ్గారండీ, ఇక ఇలాగే మెయింటైన్ చేయండి."

ఇలాగే అంటే ఎలాగ? ఆ 1,200తోనేనా? అడిగితే "కొద్దిగా అటూ ఇటూ ఫరవాలేదు" అన్నారు. ఆ కొద్దిగా ఎంతో తెలియక నేను పడ్డ టెన్షన్ బరువు తగ్గేటప్పుడు కూడా పడలేదు. తగ్గేటప్పుడు ఒక లెక్క ఉంది, ఒక గమ్యం ఉంది. చేరాక ప్రతి ముద్దా అనుమానమే. మా ఇంట్లో అన్నం వడ్డించే స్టీలు గరిటె నిండా తీస్తే ఇంచుమించు వంద గ్రాములు తూగుతుంది. అంటే 130 కేలరీలు. ఆ ఒక్క గరిటె అదనంగా వేసుకుంటే మళ్ళీ 79కి వెళ్లిపోతానేమోనని గరిటె గిన్నెలోనే వదిలేసి లేచిన పూటలున్నాయి. ఇలా భయపడేది నేనొక్కదాన్నే కాదు. మా స్టాఫ్ రూములో, మా బంధువుల్లో బరువు తగ్గిన ఆడవాళ్లను కదిపితే చాలు, ఇదే మాట.

ఈ భయాన్ని పోగొట్టేది ధైర్యం చెప్పడం కాదు, లెక్క చెప్పడం. ఆ లెక్క చాలా చిన్నది. ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి. చివరి నెలల్లో నేను నెలకు కిలోన్నర చొప్పున తగ్గుతున్నాను. అంటే నెలకు 11,550 కేలరీల లోటు, రోజుకు 385. నేను తింటున్నది నా ఒంటికి కావలసిన దానికన్నా రోజూ అంత తక్కువన్న మాట. అలాంటప్పుడు 385 కేలరీలు తిరిగి కలుపుకుంటే ఏమవుతుంది? లోటు పూడుతుంది, తగ్గడం ఆగుతుంది, అంతే. అది ఎక్కువ తినడం కాదు. ఎక్కువ తినడం ఆ గీత దాటాక మొదలవుతుంది. బరువు తగ్గినవాళ్లకు మొట్టమొదట చెప్పాల్సిన మాట ఇదేనని నా గట్టి నమ్మకం. ఏడాది పాటు "తక్కువే మంచిది" అని అలవాటైన బుర్రకు ఈ గీత ఉందన్న సంగతే కనపడదు. ఎవరో ఒకరు కాగితం మీద గీసి చూపించాలి.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన అంచనాల ప్రకారం 55 కిలోల బరువుండి, కూర్చుని పని చేసుకునే ఆడమనిషికి రోజుకు 1,660 కేలరీలు కావాలి. మగవాళ్లకు, 65 కిలోల బరువుకు, 2,110. మన పక్కనే ఉన్న సంస్థ చెప్పిన మాట ఇది. 1,200 అన్నది కొంతకాలం వాడే మందు మోతాదు లాంటిది. జబ్బు తగ్గాక మందు ఎప్పుడు, ఎలా ఆపాలో డాక్టరు చెప్పినట్టే, ఇది ఎప్పుడు ఆపాలో కూడా చార్టులోనే రాసి ఉండాలి.

ఇక తూకం మిషను సంగతి. తిండి పెంచగానే మొదటి వారంలో కిలో, కిలోన్నర పెరుగుతుంది. ఇది ముందే చెప్పకపోతే చాలామంది అక్కడే హడలిపోయి మళ్ళీ కడుపు మాడ్చుకుంటారు. సంక్రాంతికి పాలకొల్లులో మా అక్కావాళ్లింటికి వెళ్లాం. భోగి నాడు పులిహోర, గుమ్మడికాయ దప్పళం, రెండు నేతి అరిసెలు తిన్నాను. మర్నాడు పొద్దున చూస్తే 1.4 కిలోలు ఎక్కువ. "ఏమే, పండగపూట కూడా ఆ మిషనెక్కడమేంటే?" అని మా అక్క కోప్పడింది. అక్కడే కూర్చుని లెక్క కట్టాను. 1.4 కిలోల కొవ్వు చేరాలంటే ఒంటికి కావలసింది కాక పైన పది వేల కేలరీలకు మించి తినాలి. ఎంత నెయ్యి కారే అరిసెలైనా రెండు తింటే వందల్లో ఉంటుంది గానీ వేలల్లోకి పోదు. మరి ఆ బరువు ఎక్కడిది? నేను ఏటా క్లాసులో చెప్పే పాఠమే. మనం తిన్న పిండిపదార్థంలో కొంత గ్లైకోజెన్‌గా మారి కాలేయంలో వంద గ్రాముల దాకా, కండరాల్లో నాలుగొందల గ్రాముల దాకా నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము తనతోపాటు మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. తక్కువ తిన్నన్నాళ్లూ ఆ నిల్వలు సగం ఖాళీగా ఉంటాయి. అన్నం పెరగ్గానే నిండుతాయి, నీళ్లు చేరతాయి. దానికి పులిహోరలో ఉప్పు, ఊరగాయలో ఉప్పు, పేగుల్లో ఇంకా అరుగుతున్న తిండి. నాలుగైదు రోజుల్లో కిలో వరకు దానంతటదే దిగిపోయింది. మిగిలిన కొంచెం నిల్వల తాలూకు నీరు, అది ఉండాల్సిందే. డైటు మొదటి వారంలో మూడు కిలోలు తగ్గామని సంబరపడతాం చూడండి, అప్పుడు పోయింది కూడా ఎక్కువభాగం ఆ నీరే.

నేను తిండి పెంచిన పద్ధతి చెబుతాను. అందరికీ ఇదే సరిపోతుందని అనను, డాక్టరుగారికి చెప్పే చేశాను. ఒక్కసారి ఒక్కటే కలిపాను. దాని మీద రెండు మూడు వారాలు ఉండి, తర్వాతే ఇంకొకటి. ముందు పప్పు. చార్టులో పప్పు ఉంది గానీ అది పల్చటి పప్పుచారు. 2,000 కేలరీల తిండికి నమూనాగా జాతీయ పోషకాహార సంస్థ వేసిన పళ్లెంలో రోజుకు 85 గ్రాముల పప్పుధాన్యాలున్నాయి. మన ఇళ్లలో మనిషికి ఎంత పడుతోందో ఒకసారి పచ్చి పప్పు తూచి చూసుకోండి, ఆశ్చర్యపోతారు. నేను ముద్దపప్పు అరకప్పు, మీద చెంచాడు నెయ్యి వేసుకున్నాను. తర్వాత మధ్యాహ్నం ఆ గరిటెడు అన్నం. ఆ తర్వాత సాయంత్రం కాలేజీ నుంచి రాగానే గుప్పెడు వేయించిన వేరుశనగ పప్పులు. మజ్జిగ బదులు గడ్డ పెరుగు. తూకం రోజూ చూసినా ఆ ఒక్క అంకెను పట్టించుకోకుండా వారం మొత్తానికి సగటు తీశాను. 61 నుంచి 63 మధ్య ఎక్కడున్నా అది నా బరువే అనుకున్నాను. సగటు కొన్ని వారాల పాటు 63 దాటితేనే ఆలోచించాలని పెట్టుకున్నాను. ఇప్పుడు రోజుకు 1,600, 1,700 మధ్య తింటున్నాను. 62 దగ్గర నిలబడ్డాను. రాత్రి పన్నెండింటికి ఆకలితో మెలకువ రావడం పోయింది. దువ్వెన నిండా వచ్చే జుట్టు తగ్గింది. సాయంత్రం పిల్లల మీద ఊరికే చిరాకు పడటం మానేశాను. అన్నిటికన్నా ఇదే నాకు పెద్ద లాభం.

ఇంత వివరంగా రాయడానికి అసలు కారణం వేరే ఉంది. నా క్లాసులో ఒక అమ్మాయి సెలవుల్లో బాగా సన్నబడి వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు, ఇంట్లో తల్లి కూడా మురిసిపోయింది. కొన్నాళ్లకు చూస్తే ఆ పిల్ల లంచ్ బాక్స్ తెరవడం లేదు. తెరిచినా నలుగురిలో తినడం లేదు. పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే, "తింటే మళ్ళీ అలా అయిపోతాను మేడమ్" అంది. నెలసరి ఆగిపోయి కూడా నెలలైందని తర్వాత తెలిసింది. తల్లిని పిలిచి మాట్లాడాను, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు, కోలుకుంటోంది. ఆ పిల్లకు బరువు తగ్గడం నేర్పడానికి ఫోన్లో వంద వీడియోలున్నాయి. ఆపడం నేర్పడానికి ఒక్కటీ కనపడలేదు. నెలసరి తప్పడం, కళ్లు తిరగడం, ఎప్పుడూ చలి వేయడం, తిండి చూస్తేనే భయం వేయడం ఉన్నవాళ్లు నాలాగా ఇంట్లో లెక్కలు కట్టుకుంటూ కూర్చోకూడదు. వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.

ఆకలి మనసును ఏం చేస్తుందో 1944-45లోనే తేలింది. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాల పాటు రోజుకు దాదాపు 1,570 కేలరీలే పెట్టి, బాగా నడిపించి చూశారు. వాళ్ల బరువు నాలుగో వంతు తగ్గింది. ఎంతసేపూ తిండి ధ్యాసే, వంటల పుస్తకాలు పోగేసుకున్నారు, కంచాలు నాకారు, మనుషుల మీద ఆసక్తి పోయింది. వాళ్లు మొదటే సన్నవాళ్లు, మన సంగతితో అది పూర్తిగా పోలదు. అయినా కడుపు మాడిస్తే మనసు తిండి చుట్టూనే తిరుగుతుందన్నది మాత్రం మనకూ వర్తిస్తుంది. డైటులో ఉన్నన్నాళ్లూ ఫోన్లో వంటల వీడియోలే చూసే ఆడవాళ్లు నాకు తెలుసు. వాళ్లకు కంట్రోల్ లేదని అనడం అన్యాయం. వాళ్లకు ఆకలేస్తోంది.

"మేడమ్, మీరు ఇలా చెబితే జనం మళ్ళీ లావైపోరా?" అని మా సహోద్యోగి ఒకరు అడిగారు. తగ్గిన బరువు తిరిగి రావడం నిజమే, చాలామందికి వస్తుంది. ఒళ్లు తగ్గాక శరీరం ఖర్చు చేసే శక్తి తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది. అందుకే పాత తిండికి వెళ్లమని నేను అనడం లేదు. 79 కిలోలప్పటి కంచం వేరు, 62 కిలోల కంచం వేరు, 1,200 కేలరీల కంచం వేరు. ఈ మధ్యలో ఉన్న కంచం ఎవరూ చూపించకపోవడంతో మనుషులు ఆ చివరో ఈ చివరో ఉంటున్నారు. వారమంతా మాడడం, పెళ్లిలో ఆగలేకపోవడం, మర్నాడు మళ్ళీ పస్తు. బరువు తగ్గి నిలబెట్టుకున్నవాళ్ల వివరాలు అమెరికాలో 1994 నుంచి ఒక రిజిస్ట్రీలో సేకరిస్తున్నారు. అందులో ఎక్కువమంది పొద్దున టిఫిన్ మానరు, రోజుకు గంట దాకా నడకో వ్యాయామమో చేస్తారు, వారానికి ఒక్కసారైనా తూకం చూసుకుంటారు. ఇవి ఎవరైనా చేసుకోగలిగినవే.

చుట్టుపక్కలవాళ్లకు కూడా ఒక విన్నపం. తగ్గినప్పుడు "అలా చిక్కిపోయావేం, షుగరా?" అని, అన్నం పెట్టుకుంటే "మళ్ళీ ఒళ్లు చేస్తున్నావు, జాగ్రత్త" అని అనకండి. ఆ రెండో మాట విన్న ఆడది ఆ పూట కంచం ముందు నుంచి లేచిపోతుంది.

మీకు నా అభ్యర్థన రెండు విషయాల్లో. మీరు వేసిన విజయగాథల్లో కొందరిని ఏడాది తర్వాత, రెండేళ్ల తర్వాత మళ్ళీ పలకరించండి. ఇప్పుడేం తింటున్నారు, బరువు ఎంత ఉంది, మధ్యలో పెరిగితే ఏం చేశారు అని అడిగి వేయండి. పెరిగినవాళ్లవి కూడా వేయండి, అందులో సిగ్గుపడాల్సింది లేదు. రెండోది, పోషకాహార నిపుణులతో ఈ మధ్య దశ గురించి ఒక పూర్తి పేజీ రాయించండి. జొన్నరొట్టె తినేవాళ్లకు, అన్నం తినేవాళ్లకు, మాంసం తినేవాళ్లకు, తిననివాళ్లకు, ఇంజెక్షన్లతో తగ్గి ఆపేద్దామనుకుంటున్నవాళ్లకు విడివిడిగా, ఏ వారం ఎంత కలపాలో మన కొలతల్లో, గరిటెల్లో, గిన్నెల్లో చెప్పించండి. ఆ పేజీ వచ్చిన రోజు కత్తిరించి మా కాలేజీ నోటీసు బోర్డుకు నేనే అంటిస్తాను.

ఇట్లు,
జువాలజీ అధ్యాపకురాలు,
తణుకు, పశ్చిమ గోదావరి జిల్లా