కొత్తది కొనమనే ముందు స్పీడ్ ఎంతుందో చూపించండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. కంప్యూటర్ స్లో అయిందని రిపేరు షాపుకి పట్టుకెళ్తే మన విశాఖలో ఎక్కువగా వినిపించేవి రెండే మాటలు. 'విండోస్ మళ్లీ ఎక్కించాలి', లేకపోతే 'పాతదైపోయింది సార్, కొత్తది తీసుకోండి'. అసలు ప్రాసెసర్, అంటే కంప్యూటర్‌కి మెదడులాంటి చిప్, ఎంత స్పీడ్‌లో నడుస్తోందో మన ముందు చూసి చెప్పేవాళ్లు తక్కువ. దానికి స్క్రూ కూడా విప్పక్కర్లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి సీపీయూ (ప్రాసెసర్‌కే ఇంకో పేరు) మీద నొక్కితే స్పీడ్, బేస్ స్పీడ్ అని రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది ఇప్పుడు నడుస్తున్న స్పీడ్, బేస్ అంటే పని ఉన్నప్పుడు నిలకడగా అందుకోవాల్సిన స్పీడ్. మెషిన్ ఊరికే ఉన్నప్పుడు స్పీడ్ పడిపోవడం మామూలే, కరెంటు ఆదా కోసం అదే తగ్గించుకుంటుంది. గట్టి పని చెప్పినా బేస్ దాకా ఎక్కడం లేదంటే మాత్రం ఎక్కడో ఏదో పట్టి ఆపుతోందన్నమాట.

మా అమ్మాయి ఇంజినీరింగ్ చదువుతోంది. దాని ల్యాప్‌టాప్ ఏం చేసినా 0.79 గిగాహెర్ట్జ్ (ప్రాసెసర్ స్పీడ్‌ని కొలిచేది ఇందులోనే) దగ్గరే బిగుసుకుపోయేది. షాపులో కుర్రాడు పట్టుమని పది నిమిషాలు చూడకుండానే 'మదర్‌బోర్డు పోయింది అంకుల్, దానికి పెట్టే డబ్బుతో కొత్తదే వస్తుంది' అన్నాడు. తీరా తన ఫ్రెండ్ దగ్గర అదే కంపెనీ అడాప్టర్ అడిగి తెచ్చి పెడితే స్పీడ్ టక్కున లేచింది! అంతకుముందు ఒరిజినల్ పాడైతే చవకలో కొన్న డూప్లికేట్ వాడుతోంది లెండి. కొన్ని కంపెనీల అడాప్టర్ పిన్ మధ్యలో సూదంత సన్నటి తీగ ఉంటుంది, ఈ అడాప్టర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కి చెప్పేది అదే. ఆ తీగ విరిగినా, డూప్లికేట్‌లో ఆ ఏర్పాటే లేకపోయినా ల్యాప్‌టాప్ అడాప్టర్‌ని గుర్తుపట్టదు, బ్యాటరీ ఎక్కదు, ప్రాసెసర్‌ని అట్టడుగుకి దించేస్తుంది. మదర్‌బోర్డు మార్పించుకుని ఉంటే ఆ డబ్బు వృథాయే కదా.

స్పీడ్‌ని ఇలా పట్టి ఆపేవాటిలో రెండోది వేడి. చాలా ఇంటెల్ ప్రాసెసర్లు సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరకి వచ్చేసరికి కాలిపోకుండా తమంతట తామే స్పీడ్ తగ్గించుకుంటాయి. మన ఉక్కపోత సంగతి వేరే చెప్పాలా, పైగా పోర్టుకి దగ్గరగా జ్ఞానాపురం వైపు ఉండేవాళ్ల కిటికీల మీద పేరుకునే నల్లటి దుమ్మే ఫ్యాన్‌లోకీ వెళ్తుంది. ఫ్యాన్‌కీ, రాగి గొట్టం చివర ఉండే రేకులకీ మధ్య అది దూదిలా అట్టకట్టి గాలి బయటికి పోనివ్వదు. వేడి బయటికి పోవడానికి ప్రాసెసర్ మీద రాసే థర్మల్ పేస్ట్ కూడా కొన్నేళ్లకి ఎండిపోతుంది. దుమ్ము దులిపి కొత్త పేస్ట్ రాస్తే సరిపోయే పనికి కొత్త మెషిన్ కొనిపించడం ఏం న్యాయం? వేడి ఎంతుందో చూడటానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి.

అమ్మేవాళ్ల గురించి కూడా ఒక మాట. ఐ5-1235యూ అనే ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌ని 4.4 గిగాహెర్ట్జ్ అని చెప్పి అమ్ముతారు. అది కాసేపు ఎక్కగలిగే గరిష్ఠం మాత్రమే, దాని బేస్ 1.3. ఈ సంగతి కొనేటప్పుడే చెబితే ఇంటికెళ్లాక మోసపోయామన్న టెన్షన్ ఉండదు. అలాగే 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది కాబట్టి మెషిన్ స్లో అయిందని కొందరు చెబుతున్నారు. ఆగింది సెక్యూరిటీ అప్‌డేట్లు, దానికీ స్పీడ్‌కీ సంబంధం లేదు.

షాపులవాళ్లని నేను కోరేది ఒక్కటే. మెషిన్ తీసుకునేటప్పుడు ఇచ్చే రసీదు మీద ఆ రోజు స్పీడ్ ఎంత, వేడి ఎంత, అడాప్టర్ ఒరిజినలా కాదా రాయండి, రిపేరయ్యాక అవే అంకెలు మళ్లీ రాసివ్వండి. రాయనన్న షాపులో మెషిన్ వదిలి రావద్దని తోటి పాఠకులకి నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గాజువాక, విశాఖపట్నం