సేవ్ ఫైల్ పోయింది, టికెట్ మాత్రం ‘పరిష్కారమైంది’

విజయనగరం

కస్టమర్ సపోర్ట్ విభాగం పెద్దలకు,

విషయం: క్లౌడ్‌లో, అంటే మీ సర్వర్‌లో, చెరిగిపోయిన గేమ్ సేవ్ (ఎంతవరకు ఆడానో దాచే ఫైల్) గురించి, అంతకన్నా ముఖ్యంగా మీ మౌనం గురించి.

అయ్యా,

గేమ్ మెషిన్ మోడలు, సీరియల్ నంబరు ఇక్కడ మళ్ళీ రాయను. మీ ఏజెంట్లు ప్రతి ఒక్కరూ ముందు అవే అడిగి, రాసుకుని, లైను ఇంకొకరికి తిప్పారు. ఆ ఇంకొకరూ అక్కణ్ణుంచే మొదలెట్టారు. ఈపాటికి మీ ఆఫీసులో అందరికీ కంఠతా వచ్చే ఉంటాయి.

మొదట వచ్చింది చిన్న లోపం. గేమ్ లోడింగ్ దగ్గర ఆగిపోతోంది. సేవ్‌తో సహా తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమన్నారు, క్లౌడ్‌లో కాపీ ఉంది కదా అన్నారు. "ముందు ఆటో అప్‌లోడ్ (సేవ్ దానంతటదే క్లౌడ్‌కి వెళ్ళడం) ఆపాలేమో?" అని చాట్‌లో అడిగితే, "అక్కర్లేదు సర్, అంతా సేఫ్" అని రాతపూర్వకంగానే జవాబిచ్చారు. ఆ చాట్ భద్రంగా ఉంది. గేమ్ తెరవగానే కొత్త ఖాళీ సేవ్ తయారైంది. దాని తేదీ కొత్తది కాబట్టి మెషిన్ దాన్నే క్లౌడ్‌కి పంపింది. పాత సేవ్ మీద ఖాళీ సేవ్ కూర్చుంది.

మీ ఏజెంట్లకి ఎవరూ నేర్పినట్టు లేదు గనక వరస నేనే రాస్తున్నాను. ముందు ఆటో అప్‌లోడ్ ఆపాలి. క్లౌడ్ కాపీ తేదీ, సైజు చూసుకోవాలి. గేమ్ ఇన్‌స్టాల్ అయ్యాక తెరవకుండానే ఆ కాపీ కిందికి దించాలి. లోడ్ మెనూలో ఆడిన గంటలు సరిగా కనబడ్డాకే అప్‌లోడ్ మళ్ళీ పెట్టాలి. దీన్ని గోడకి అంటించుకోండి, ఫీజు అడగను.

ఆ తర్వాత జరిగిన మర్యాదలు వినండి. తెలుగు కోసం 4 నొక్కితే హిందీలో పలికారు. ఒకాయన పోయిన సేవ్‌కి స్క్రీన్‌షాట్ పంపమన్నారు. పోయిందని చెప్తుంటే దాని ఫోటో ఎక్కణ్ణుంచి తెమ్మంటారు? ఏ అధ్యాయం ఏ రోజు ముగిసిందో ట్రోఫీల్లో (ఆటలో ఒక్కో ఘట్టం దాటితే వచ్చే గుర్తుల్లో) తేదీ, టైముతో సహా మీ సర్వర్‌లోనే ఉంది, చూడమంటే "ఆ డిపార్ట్‌మెంట్ వేరు" అన్నారు. ఇంకొకరు మెషిన్ పట్టుకుని విశాఖ సర్వీస్ సెంటర్‌కి వెళ్ళమన్నారు. ఖాతాలో డబ్బు కనబడటం లేదంటే పర్సు కుట్టించుకోమన్నట్టుంది ఇది. సెంటర్‌వాళ్ళు గేమ్ తయారీదారుని అడగమన్నారు, తయారీదారు మళ్ళీ మిమ్మల్నే చూపించారు.

అందరిలోకీ ఘనుడు ఒకరున్నారు. కట్‌సీన్లు (మధ్యలో కథ చెప్పే వీడియో దృశ్యాలు) స్కిప్ చేసి ఆడితే త్వరగా పాత చోటికి చేరిపోవచ్చట! కథ కోసం ఆడే ఆటలో కథ దాటేయాలన్నమాట. పోనీ దాటేసినా పార్టీ (మన పాత్రల జట్టు) లెవెల్స్ ఊరికే పెరగవు, ఆయుధాలు మళ్ళీ పోగేయాలి, కొన్ని సైడ్ క్వెస్టులు (అసలు కథ పక్కన ఉండే చిన్న పనులు) అధ్యాయం మారగానే మూసుకుపోతాయి. ఉద్యోగం, పిల్లల చదువులు చూసుకుని రాత్రి గంటసేపు ఆడేవాళ్ళకి 80 గంటల కథంటే సిరిమానోత్సవానికి మొదలెడితే సంక్రాంతి దాకా సాగుతుంది. అది వాళ్ళ మెషిన్‌లో లేకపోయినా మీ సర్వర్ బ్యాకప్‌లో ఉండాలి కదా, ఖాళీ సేవ్ ఎక్కిన తేదీకి ముందరి కాపీ తీసి ఇవ్వమనే మొదటి నుంచీ అడుగుతున్నాను. ఉంటే ఇవ్వండి, లేకపోతే లేదని ఒక్క ముక్క రాయండి. అదైనా చెప్పరేం?

1986లో డ్రాగన్ క్వెస్ట్ అనే జపాన్ గేమ్ వచ్చినప్పుడు సేవ్ చేయడానికి కార్ట్రిడ్జ్‌లో (గేమ్ ఉండే డబ్బాలో) బ్యాటరీ కూడా లేదు. ఆట 20 జపనీస్ అక్షరాలు ఇచ్చేది, కాగితం మీద దింపుకుని తర్వాత మళ్ళీ కొడితే లెవెల్, బంగారం, సామాన్లు తిరిగొచ్చేవి. రెండో భాగంలో ఆ అక్షరాలు 52 దాకా పెరిగాయి. 1988లో మూడో భాగానికి బ్యాటరీ పెట్టాక గానీ ఆ రాత పని తప్పలేదు. మీ క్లౌడ్ కన్నా ఆ కాగితమే నయం.

మీ పాత మెషిన్ నుంచి మీతోనే ఉన్నవాణ్ణి. ఏటా చందా కడుతున్నాను. ఆ డబ్బు కోసుకోవడంలో మాత్రం మీ సర్వర్‌కి ఏనాడూ లోపం రాలేదు. ఫిర్యాదు టికెట్ అయితే ఎవరూ చదవకుండానే ‘పరిష్కారమైంది’ అని మూసుకుంది, వెంటనే అయిదు నక్షత్రాలు ఇమ్మని మెసేజ్ వచ్చింది. ఏటండీ బాబూ ఇది?

మీ ఆన్‌లైన్ స్టోర్‌కి 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు వర్తిస్తాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. మీరు రెండూ చేయలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, తర్వాత విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్. గేమ్ డబ్బు, చందా డబ్బు, మనోవేదనకి పరిహారం అన్నీ అందులో ఉంటాయి. వాయిదాలకి మీ ప్రతినిధి ఇక్కడికి రావాల్సి వస్తే, దయచేసి తెలుగొచ్చినవాళ్ళని పంపండి.

"మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని మొదలయ్యే జవాబు మాత్రం వద్దు. అవి నా దగ్గర చాలా ఉన్నాయి.

ఇట్లు,
మీ లెక్కల్లో సమస్య తీరిపోయిన వినియోగదారుడు