వంతెన దాటితేనే వైద్యమా?

సంపాదకుడు గారికి,

టెలీహెల్త్ (వీడియోలోనో ఫోన్‌లోనో డాక్టరుకు చూపించుకోవడం) చట్టాలను అమెరికాలో రాష్ట్రాలు సవరిస్తున్నాయని పోయిన వారం మీరు వేసిన వార్త చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. వార్త బాగానే ఉంది. కానీ న్యూజెర్సీలో ఉంటూ, వంతెన దాటితే వచ్చే పక్క రాష్ట్రం న్యూయార్క్‌లో వైద్యం చేయించుకునే మాలాంటి వాళ్లను పీడిస్తున్న అసలు సంగతి అందులో ఒక్క ముక్క కూడా లేదు. వీడియో కాల్ సమయానికి పేషెంట్ ఏ రాష్ట్రంలో కూర్చుంటే ఆ రాష్ట్రంలో డాక్టరుకు లైసెన్సు ఉండాలి. అది లేకపోతే ఆయన ఎన్నేళ్లుగా మీకు వైద్యం చేస్తున్నా సరే, ఆ ఐదు నిమిషాల మాట కుదరదు.

మా మామగారికి గుండె ఆపరేషన్ చేసింది న్యూయార్క్ డాక్టరే, మందులు రాసిందీ ఆయనే, రిపోర్టులన్నీ ఉన్నదీ ఆయన దగ్గరే. ఫాలోఅప్‌కి వీడియో అపాయింట్‌మెంట్ ఇచ్చారు, తీరా కాల్ మొదలయ్యే వేళకి "మీరిప్పుడు ఏ రాష్ట్రంలో ఉన్నారు?" అని అడిగి, న్యూజెర్సీ అనగానే క్యాన్సిల్ చేశారు. స్వయంగా రండి, లేదంటే బ్రిడ్జి దాటి అటువైపు కారు ఆపుకుని కాల్ చేయండి అన్నారు. ఆ మాట చెప్పిన అమ్మాయిని తప్పు పట్టను, చట్టం అలా ఉంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది. ఆపరేషన్ అయిన పెద్దాయన్ని కారెక్కించి, టోల్ కట్టి, రోడ్డు పక్కన ఆగి ఫోన్లో డాక్టరుతో మాట్లాడించడాన్ని పేషెంటు భద్రత అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

2020లో కరోనా వచ్చినప్పుడు దాదాపు అన్ని రాష్ట్రాలూ ఈ నిబంధనను ఏదో ఒక మేరకు సడలించాయి. ఎమర్జెన్సీ ఎత్తేయగానే చాలా చోట్ల మళ్లీ పాత గోడలే లేచాయి. అన్నాళ్లూ లేని ప్రమాదం ఒక్కసారిగా ఎక్కడి నుంచి వచ్చిందో ఏ అధికారీ చెప్పడు.

రాష్ట్రాల మధ్య మెడికల్ లైసెన్సు కాంపాక్ట్ ఉంది కదా, అంటే ఒక రాష్ట్రం డాక్టరుకు మరో రాష్ట్రం లైసెన్సు త్వరగా వచ్చేలా చేసుకున్న ఒప్పందం ఉంది కదా అంటారు. నలభైకి పైగా రాష్ట్రాలు చేరాయి, న్యూజెర్సీ కూడా ఉంది. న్యూయార్క్ చేరలేదు కాబట్టి అక్కడి లైసెన్సు మాత్రమే ఉన్న డాక్టర్ ఆ దారిలో రాలేడు. చేరిన చోట కూడా ఒకే లైసెన్సు ఇవ్వరు. ముందు 700 డాలర్లు, ఆపైన రాష్ట్రానికో ఫీజు, రాష్ట్రానికో లైసెన్సు, వేరువేరుగా రెన్యువల్. నర్సుల కాంపాక్ట్‌లో మాత్రం ఒక్క లైసెన్సుతో సభ్య రాష్ట్రాలన్నిటిలో పనిచేయొచ్చు. నర్సులకు కుదిరింది డాక్టర్లకు ఎందుకు కుదరదు?

దారి లేక కాదు. ఫ్లోరిడా 2019లోనే బయటి రాష్ట్రాల డాక్టర్లు రిజిస్టర్ చేసుకుని టెలీహెల్త్ ఇవ్వొచ్చని చట్టం చేసింది. అరిజోనా 2021లో అదే పని చేసింది. రిజిస్టర్ అయినవాళ్లు తప్పు చేస్తే చర్య తీసుకునే అధికారం ఆ రాష్ట్రానికే ఉంటుంది. కనీసం ఇప్పటికే ఒక డాక్టరు దగ్గర చూపించుకుంటున్న పేషెంటుకైనా ఫాలోఅప్ వీడియో కాల్‌కి రాష్ట్ర సరిహద్దు అడ్డు రాకూడదని ఒక్క వాక్యం చట్టంలో రాయలేరా? వేరే రాష్ట్రంలో కాలేజీలో చేరిన పిల్లల సంగతి మరీ ఘోరం. ఇంటి దగ్గర ఏళ్ల తరబడి నమ్మకం కుదిరిన సైకియాట్రిస్టు ఉంటారు, పిల్లకి టెన్షన్ ఎక్కువై ఆయనతో మాట్లాడాల్సిన రోజున రాష్ట్రం మారిందని ఆ సాయం ఆగిపోతుంది. కొత్త చోట మళ్లీ మొదటి నుంచి అంతా చెప్పుకోవాలి, అదీ అపాయింట్‌మెంట్ దొరికితే.

వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వం తీరూ ఇంతే. కరోనాకి ముందు మెడికేర్ (ముఖ్యంగా పెద్దవాళ్లకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) వాళ్లు టెలీహెల్త్ పొందాలంటే సాధారణంగా పల్లె ప్రాంతంలో ఉండాలి, పైగా ఏదో క్లినిక్‌కి వెళ్లి కూర్చోవాలి. 2020లో ఇంటి నుంచే మాట్లాడొచ్చు అన్నారు. దాన్ని శాశ్వతం చేయకుండా కొన్ని నెలలు, కొన్నేళ్లు అంటూ పొడిగిస్తూ వచ్చి, 2025 అక్టోబరు 1న ఖర్చుల బిల్లు కుదరక ప్రభుత్వ కార్యాలయాలు మూతపడ్డ రోజున ఆ గడువునూ తీరిపోనిచ్చారు. తర్వాత మళ్లీ తెచ్చారు గానీ ఈలోగా పెద్దవాళ్లు పడ్డ గాభరాకి జవాబుదారీ ఎవరు? ఒకప్పుడు చట్టం చేస్తే పది కాలాలు నిలిచేలా చేసేవారు. ఇప్పుడు అన్నీ గడువుల మీదే నడుస్తున్నాయి.

మన తెలుగు సంఘాల సభలకు అసెంబ్లీ సభ్యులు, సెనేటర్లు వస్తారు, వేదిక ఎక్కించి శాలువాలు కప్పుతాం, ఫొటోలు దిగుతాం. ఈసారి వచ్చినప్పుడు, ఫాలోఅప్ కాల్‌కి సరిహద్దు అడ్డు తీసేసే బిల్లు వస్తే ఓటు వేస్తారా లేదా అని అక్కడే అడగండి. వాళ్లు ఏం చెప్పారో పేర్లతో సహా మీ పేపర్లో వేయండి.

ఒక పాఠకురాలు,
న్యూజెర్సీ