ఇకమీదట ఉత్త సంతకాలు అమ్మం

చిక్కడపల్లి కొట్టుకి వచ్చేవాళ్ళకీ, వాట్సాప్‌లో ఫోటో పెట్టి "అన్నా, ఇది అసలుదేనా?" అని అడిగేవాళ్ళకీ ఒకేసారి చెప్పేస్తున్నాను. ఈ దసరా నుంచి సినిమా, టీవీ నటుల సంతకం ఒక్కటే ఉన్న ఫోటోలు, కార్డులు మేం కొనం, అమ్మం. వాళ్ళు స్వయంగా రాసి కింద సంతకం పెట్టిన ఉత్తరాలు, చీటీలు, అభిమానికి ఇచ్చిన రెండు ముక్కల జవాబులు మాత్రమే ఉంటాయి. సరుకు తగ్గుతుంది, ధర పెరుగుతుంది. కొందరికి కోపం వస్తుందనీ తెలుసు.

పేరున్న నటులకి ఆ రోజుల్లో అభిమానుల ఉత్తరాలు గుట్టలుగా వచ్చేవి. అన్నిటికీ కూర్చుని సంతకం పెట్టడం అయ్యే పని కాదు. అందుకని ఫోటో మీదే సంతకం అచ్చు వేయించి పంపేవారు. కొన్నిచోట్ల ఆఫీసులో ఉండేవాళ్ళే పెట్టేసేవారు. అప్పట్లో అందులో తప్పేమీ లేదు, అందుకున్న అభిమాని సంతోషం నిజమైనదే. దాన్ని ఇవాళ వేల రూపాయలకి అమ్మితేనే తప్పు. అచ్చు వేసింది భూతద్దం పెడితే చుక్కలు చుక్కలుగా దొరికిపోతుంది. ఆఫీసువాళ్ళు పెట్టిందే చిక్కు. కాగితం ఆ కాలందే, సిరా ఆ కాలందే, చెయ్యి ఒక్కటే వేరు. దాన్ని గుండె మీద చెయ్యి వేసుకుని అమ్మలేను.

అదే పది లైన్లు రాసి ఉంటే కథ మారుతుంది. సంతకం ఎవరైనా సాధన చేసి దించేస్తారు. పేజీ అంతా ఇంకొకరి రాతలో రాయబోతే మూడో లైనుకల్లా సొంత రాత తన్నుకొస్తుంది. తలకట్టు ముందే పెడతారా, మాటంతా రాశాక పెడతారా, కొమ్ము ఎటు లాగుతారు, వత్తు ఎంత కిందికి దింపుతారు, ఇవన్నీ అలవాట్లు. చూసి దించినవాడి గీత నెమ్మదిగా, వణుకుతూ నడుస్తుంది. బాల్‌పెన్నుతో వేగంగా రాసినదైతే కాగితం వెనక వేలు పెడితే నొక్కుడు తెలుస్తుంది. మడత మీద సిరా పాకి ఉంటే మడిచాక రాసినట్టే లెక్క.

ఈమధ్య ఒకాయన ఇన్‌లాండ్ లెటర్ తెచ్చారు. పాత హీరోయిన్ ఒకావిడ 1965లో హైదరాబాదు అభిమానికి రాసిందట. రాత ముచ్చటగా ఉంది, కాగితం పసుపు తిరిగింది. చిరునామా కింద ఆరంకెల పిన్‌కోడ్ కూడా ఉంది! మనకి పిన్‌కోడ్ వచ్చిందే 1972 ఆగస్టు 15న. అంతకుముందు మద్రాసులో సినిమావాళ్ళుండే టీనగర్ నుంచి రాసేవాళ్ళు మద్రాసు-17 అని వేసేవారు, వడపళని అయితే మద్రాసు-26. స్టాంపూ అంతే, 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చాయి కాబట్టి అంతకుముందు ఉత్తరం మీద అణాలే కనబడాలి. ఆయన టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

బాపు గారి పేరుతో వచ్చేవాటితో ఇంకో తలనొప్పి. ఆయన చేతిరాత ఫాంటుగా వచ్చేసింది. ఒక చీటీలో 'అ'లన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే, అది నిజంగానే అచ్చు.

"కారు ఏడింటికి పంపండి, మధ్యాహ్నం కాల్షీట్ మార్చండి" అని రాసిన చీటీకి సంతకం ఉన్న పెద్ద ఫోటో కంటే ఎక్కువ ధర ఎందుకని తరచూ అడుగుతున్నారు. పైన చెప్పిందే జవాబు. పైగా ఇలాంటివి కృష్ణానగర్‌లో రిటైరైన మేకప్‌మ్యాన్ల ఇళ్ళలో, ప్రొడక్షన్ మేనేజర్ల ట్రంకుపెట్టెల్లో దొరుకుతాయి. ఇచ్చినవాళ్ళు ఎదురుగా కూర్చుని ఏ సెట్లో, ఎప్పుడు, ఎందుకు రాశారో చెబుతారు. టీవీవాళ్ళ రాత మాత్రం అరుదు. సెల్ఫీలు వచ్చాక వాళ్ళ ముందు పుస్తకం చాచేవాళ్ళే లేరు. యాంకర్లు చేత్తో రాసుకున్న కార్డులు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, మంచి రేటు ఇస్తాను.

సర్టిఫికెట్ ఇస్తారా అంటే ఇవ్వను. నా ప్రింటర్లో తీసిన కాగితం దేనికి సాక్ష్యం? దాని బదులు, ఆ చీటీ ఎక్కడి నుంచి వచ్చిందో, నేను ఏమేం చూశానో బిల్లు మీద రాసిస్తాను. నకిలీ అని ఎప్పుడు తేలినా డబ్బు వాపస్, గడువేం లేదు. ఇదివరకు మా దగ్గర సంతకాల ఫోటోలు కొన్నవాళ్ళకి ఇష్టం లేకపోతే, బిల్లు తెస్తే కొన్న ధరకే తీసుకుంటాను. కొన్నాళ్ళు గల్లాపెట్టె బోసిపోతుంది, అంతే.

అప్పుల గురించో, జబ్బుల గురించో, ఇంటి గొడవల గురించో రాసిన ఉత్తరాలు ఎంత ఇస్తామన్నా అమ్మను. కుటుంబం ఆచూకీ తెలిస్తే వాళ్ళకే అందజేస్తాను. ఇందులో బేరం లేదు. మిగతావి కొన్నాక కాగితం మీ సొంతం. అందులోని మాటల మీద హక్కు రాసినవాళ్ళ వారసులది, బతికుండగా అచ్చుకాని ఉత్తరమైతే అది మొదటిసారి అచ్చయిన ఏడాది తర్వాత 60 ఏళ్ళు. ఎస్వీ రంగారావు గారు 1974లోనే పోయినా, అచ్చుకాని ఆయన ఉత్తరం అనుమతి లేకుండా పుస్తకంలో వేయకూడదు. ఫ్రేము కట్టించుకోవడానికి ఇబ్బందేమీ లేదు. అమెరికా నుంచి అడిగేవాళ్ళకి ఒక మాట. చారిత్రక, సాహిత్య విలువున్న రాతకాగితం 75 ఏళ్ళు దాటితే 1972 చట్టం ప్రకారం పురావస్తువు కిందికి వస్తుంది, ప్రైవేటువాళ్ళు దేశం దాటించకూడదు. అలాంటివి కొరియర్ చేయమని నన్ను ఇరికించకండి.

ఇంకొకటి, దయచేసి లామినేషన్ చేయించకండి. ఆ వేడికీ జిగురుకీ కాగితం పోయినట్టే, తిరిగి ఊడదీయడం నావల్ల కాదు. సెల్లోటేపూ వద్దు. ఫ్రేములో కాగితం అద్దానికి అంటకుండా మౌంటు పెట్టించండి, ఎండ తగిలే గోడకి తగిలించకండి.

ఆదివారాలు కొట్టు తీయను, అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గర ఉంటాను. మిగతా రోజుల్లో పదకొండు తర్వాత ఎప్పుడైనా రండి. చూపించాల్సినవి వాట్సాప్‌లో పెట్టకుండా చేత్తో పట్టుకుని రండి, ఫోటోలో కాగితం వెనకవైపు చూడలేను.