డైవ్ కంప్యూటర్‌లో విమానం బొమ్మ మన కొండకీ వర్తిస్తుంది

ఎడిటర్ గారికి నమస్కారం.

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి స్కూబా డైవింగ్‌కి వెళ్ళేవాళ్ళు ఈ మధ్య బాగా కనిపిస్తున్నారు. ఎక్కువ మంది పుదుచ్చేరికి పోతారు, కొందరు వైజాగ్ రుషికొండకి, డబ్బూ సెలవూ రెండూ కుదిరితే అండమాన్‌కి. సంతోషమే, కానీ తిరుగు ప్రయాణానికి వాళ్ళు వేసుకునే ప్లాన్ వింటేనే నాకు టెన్షన్. ఆదివారం పొద్దున సముద్రంలో రెండు డైవ్‌లు, మధ్యాహ్నం బయల్దేరి రాత్రికి తిరుపతి, అట్నుంచి అటే కొండకి, ఎందుకంటే 300 రూపాయల దర్శనం టికెట్ ఎప్పుడో బుక్ చేసి పెట్టుకున్నారు. చేతికున్న డైవ్ కంప్యూటర్‌లో (ఎంత లోతు దిగామో, ఎంతసేపు ఉన్నామో లెక్క కట్టే వాచీలాంటి పరికరం) విమానం బొమ్మ, దాని పక్కన ఇంకా ఎన్ని గంటలు ఆగాలో కనిపిస్తూనే ఉంటుంది. మనం ఫ్లైట్ ఎక్కట్లేదు కదా అని వదిలేస్తారు.

ఆ బొమ్మ విమానం గురించి మాత్రమే కాదండీ, ఎత్తు గురించి. నీళ్ళలో 18 మీటర్లు దిగితే ఒంటి మీద ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి దాదాపు మూడింతలవుతుంది, పీల్చే గాలిలోని నైట్రోజన్ రక్తంలోకీ కండరాల్లోకీ కరిగిపోతుంది. పైకి వచ్చాక అది మెల్లగా, గంటల తరబడి బయటికి పోతుంది. కంప్యూటర్ లోపల లెక్క కట్టేది ఇదే: శరీరాన్ని వేగంగా నిండేవీ నెమ్మదిగా నిండేవీ అని భాగాలు చేసుకుని (చాలా కంప్యూటర్లు వాడే బూల్‌మన్ అనే లెక్క పద్ధతిలో అలాంటివి 16), ఒక్కోదాంట్లో ఎంత మిగిలిందో చూస్తుంది. అది పూర్తిగా పోకముందే ఎత్తుకి వెళ్తే, అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి, మిగిలిన నైట్రోజన్ బుడగలు కట్టే ప్రమాదం ఉంది.

డైవర్ల భద్రత చూసే సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ చెప్పేది విమానం ఎక్కే ముందు ఒక డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్‌లు చేసినా వరుస రోజులు చేసినా 18 గంటలు ఆగమని. డికంప్రెషన్ స్టాప్‌లు (నైట్రోజన్ బయటికి పోవడానికి పైకి వచ్చేటప్పుడు మధ్యలో తప్పనిసరిగా ఆగడం) పడ్డ డైవ్ అయితే ఇంకా చాలా ఎక్కువ. ఈ లెక్క 2000 అడుగుల నుంచే, అంటే సుమారు 600 మీటర్ల నుంచే మొదలవుతుంది. తిరుమల 800 మీటర్లకు పైమాటే, అక్కడ గాలి ఒత్తిడి సముద్రం ఒడ్డుతో పోలిస్తే పదో వంతు దాకా తక్కువ. విమానంలో ఉన్నంత ముప్పు కాదు, ఒప్పుకుంటాను, కానీ బస్సులో ఘాట్ రోడ్డెక్కినా ఎత్తు ఎత్తే, అలిపిరి మెట్లు ఎక్కితే దానికి ఒంటి శ్రమ కూడా తోడు. దర్శనం మంగళవారానికి బుక్ చేసుకుంటే ఏ గొడవా లేదు. పలమనేరు, మదనపల్లె వాళ్ళకైతే ఇల్లే 600 మీటర్ల పైన ఉంది, కాబట్టి మొగిలి ఘాట్ ఎక్కకుండా ఆ రాత్రి చిత్తూరులోనే ఆగడం మంచిది.

ఇదంతా కంప్యూటర్ సరిగ్గా పనిచేస్తేనే. డైవ్ అయ్యాక మంచినీళ్ళలో కాసేపు నానబెట్టాలి, లేకపోతే ప్రెషర్ సెన్సర్ రంధ్రాల్లో ఉప్పు గడ్డకట్టి లోతు తప్పు చూపిస్తుంది. మన ఎండలకి కారు డాష్‌బోర్డు మీద వదిలేస్తే పాడవ్వక ఏమవుతుంది. బ్యాటరీ ట్రిప్‌కి ముందే మార్చుకోవాలి, రెండు డైవ్‌ల మధ్య అస్సలు వద్దు, కొన్ని మోడళ్ళలో బ్యాటరీ తీస్తే అప్పటిదాకా ఉన్న నైట్రోజన్ లెక్క చెరిగిపోయి మీరు అసలు నీళ్ళలోకే దిగనట్టు మళ్ళీ మొదట్నుంచి చూపిస్తుంది. స్నేహితుడికి ఒక డైవ్‌కి అరువిచ్చినా అంతే, ఆ లెక్క ఇక మీ ఇద్దరిలో ఎవరిదీ కాదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కూడా బయల్దేరే ముందు రాత్రి పెట్టుకోకండి, వారం ముందే చేసి నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి) శాతం, కన్జర్వేటివ్ సెట్టింగ్ (లెక్కలో ఎంత జాగ్రత్త పాటించాలో చెప్పేది) మారిపోలేదని చూసుకోండి.

అప్‌డేట్‌కి ముందు పాత డైవ్‌ల రికార్డు ల్యాప్‌టాప్‌లోకి దించుకోవాలి. 2011లో లినస్ టోర్వాల్డ్స్ (లినక్స్ రాసినాయనే, ఆయనా డైవరే) మొదలుపెట్టిన సబ్‌సర్ఫేస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలా కంపెనీల కంప్యూటర్లతో పనిచేస్తుంది, ఫోన్‌లో కూడా ఉంది. ఈ రికార్డు ముచ్చట కోసం మాత్రమే కాదు. డైవ్ చేసొచ్చిన రోజో మర్నాడో కీళ్ళ నొప్పులు, తిమ్మిర్లు, మామూలుగా లేని నీరసం వస్తే ప్రయాణం బడలిక అనుకోకండి, అవి పైన చెప్పిన నైట్రోజన్ బుడగల వల్ల కావచ్చు. కొండ మీద ఉంటే కిందికి దిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, డైవ్ చేసిన సంగతి మొదటే చెప్పి ఆక్సిజన్ అడగండి, ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంప్యూటర్ చూపించి చెప్పండి.

– ఒక డైవర్, తిరుపతి