బయట వినపడనట్టు నటించడం ఇక వద్దు
సైన్ లాంగ్వేజ్ బ్యాచ్ అందరికీ నమస్కారం. కాస్త ఓపిగ్గా చదవండి.

నిన్న క్లాసయ్యాక మనవాళ్లు నలుగురు టీ బండి దగ్గర వినపడనట్టు నటించారు. ప్రాక్టీస్ కోసమే, తెలుసు. నేనూ పక్కనే ఉండి ఆపలేదు. టీ ఆయన వేళ్లతో లెక్క చూపించి, రెండు బిస్కెట్లు ఎక్కువ పెట్టి, డబ్బులొద్దని చెయ్యి ఊపాడు. అంతలో ఒకరి ఫోన్ మోగింది. అలవాటుగా "హలో" అనేశారు. ఇక ఆయన ముఖం చూడలేకపోయాను. డబ్బులిచ్చి వచ్చేశాం గానీ, రేపు నిజంగా వినపడని మనిషి వచ్చి సైగ చేస్తే ఆయన నమ్ముతాడా?

మన టీచర్‌గారికి చెప్తే సైగల్లోనే అన్నారు: "మీకు విసుగొస్తే మాట్లాడేస్తారు. నాకా వీలు లేదు."

క్లాసులో గొంతు వాడకుండా సైగలే చేయడం వేరు, అక్కడ ఎవరినీ నమ్మించడం లేదు. బయట ఎవరైనా అడిగితే "వినపడుతుందండీ, నేర్చుకుంటున్నాం" అని చెప్పేయండి.

వినపడదని దొంగ సర్టిఫికెట్లు తెచ్చుకోవడమూ ఇదీ ఒకటేనా అని ఒకరడిగారు. కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో వినికిడి లోపం ఉన్నవాళ్లకిచ్చేదే 1 శాతం రిజర్వేషన్, దొంగ సర్టిఫికెట్ దాన్నే లాక్కుంటుంది. వికలాంగులకిచ్చే ప్రయోజనాలను మోసంతో కొట్టేస్తే 91వ సెక్షన్ కింద 2 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. కానీ అనుమానం మాత్రం రెండుచోట్లా వినపడనివాళ్ల మీదే పడుతుంది.

రేపు సాయంత్రం 6కి టీ ఆయన దగ్గరికెళ్తున్నా, సారీ చెప్పడానికి. ఆ నలుగురిలో వీలైనవాళ్లు రండి.